దిద్దని మొహం

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో, మెట్ల కింద ఉండే చిన్న స్టూడియో నాది. పాస్‌పోర్ట్ ఫోటోలు, సంబంధాలకు పంపే ఫోటోలు, మా చర్చిలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు తీస్తాను. మచ్చను మాయం చేయను. నల్లటి మనిషిని తెల్లగా మార్చను. ఆ మొహం దేవుడు చేసిందని నమ్మేదాన్ని, మౌస్ పట్టుకుని ఆయన పని దిద్దడానికి నేనెవరిని? దిద్దకూడదని ఒట్టు పెట్టుకున్నాక సరిగ్గా చూడటం నేర్చుకోక తప్పలేదు. లైటు ఎటు పెట్టాలి, మనిషి ఎటు తిరిగితే తనలా ఉంటుంది అని గంటలు గంటలు వెతికేదాన్ని. బటన్ నొక్కేముందు మనసులో "నువ్వు చూసినట్టు చూపించు ప్రభువా" అనుకోవడం నాకు అలవాటు.

దీనివల్ల గిరాకీ పోయిన రోజులూ ఉన్నాయి. విజయవాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒకావిడ, కూతురి బుగ్గ మీది మచ్చ చూపించి, "అది కాస్త తీసేయండమ్మా, మీ సొమ్మేం పోయింది?" అన్నారు. తీయనన్నాను. ఆవిడ విసుక్కుంటూ పక్క స్టూడియోకి వెళ్లిపోతే, ఆ సాయంత్రమంతా నా భక్తికి నేనే మురిసిపోయాను.

ఆ తర్వాత మా అక్కకు నోట్లో పుండు లేచింది. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ దాని గేటు దగ్గర బండి పెట్టుకుంది అక్క. మార్కెట్ తరలిపోయాక అల్మాస్‌గూడలో మా ఇంటి ముందే పండ్లు అమ్ముతోంది. అమ్మ పోయాక నన్ను సాకింది తనే, ప్రార్థన నేర్పింది కూడా తనే. పుండు మానకపోతే ఎల్బీనగర్ దవాఖానకు తీసుకెళ్లాను. క్యాన్సర్ అన్నారు. ఎడమ దవడ ఎముక కొంత తీసేయాలని, మొహం ఆకారం మారుతుందని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు.

"బతుకుతనా సారూ?" అని అడిగింది అక్క.

"దానికోసమే కదమ్మా తీసేది."

అక్క తలూపింది. నాకు మాత్రం రెండు భయాలు పట్టుకున్నాయి. అక్క పోతుందేమోనన్న భయం ఒకటి, అది ఎవరికైనా ఉండేదే. ఇంకొకటి నోరు విప్పి చెప్పుకోలేనిది. ఆ మొహం చూసి నేను జడుసుకుంటే? కళ్లు తిప్పేసుకుంటే? ఇన్నేళ్లు గిరాకీకి చెప్పినవన్నీ ఒట్టి గొప్పలేనా? ప్రార్థనకు కూర్చుంటే మాటలు రాలేదు. స్టూడియోలో ఎవరినైనా గడ్డం పైకెత్తమంటే, చర్మం కింద వాళ్ల దవడ ఎముకే నాకు కనబడేది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కట్టు ఉన్నన్నాళ్లు నేనూ ధైర్యంగానే ఉన్నాను. కట్టు విప్పిన రోజు నర్సు ఫోన్ చేసి, "మీ అక్క కెమెరా తెమ్మంటుంది" అంది. రిపేరుకిచ్చానని చెబుదామా అనుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రోలో ఎంతసేపని? ఆ రోజు రైలు మధ్యలో ఆగిపోతే బాగుండునని కోరుకున్నాను.

అక్క మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఆమె తల తిప్పేలోపే గబగబా కెమెరా తీసి కంటికి ఆనించుకున్నాను. దాని వెనకుంటే నాకు కాస్త ధైర్యం. అక్క తిరిగింది.

ఎడమ బుగ్గ లోపలికి పోయింది. పెదవి కొస కిందికి జారింది. కుట్లు చెవి దాకా ఉన్నాయి. కుదిరిన ఫోకస్‌నే మళ్లీ మళ్లీ తిప్పుతూ నిలబడ్డాను.

"చెల్లే," అంది అక్క. మాట ముద్దగా వచ్చింది. "కెమెరా జర దించు."

"వెలుతురు సూస్తున్న అక్కా."

"వెలుతురు యాడికి పోతది? అద్దం ఇయ్యమంటే నర్సమ్మ ఇస్తలేదు. నన్ను సూసినంక నీ మొహం ఎట్లయితదో సూడాలె. గందుకే పిలిచిన. దించు."

దుప్పటి అంచు ఆమె పిడికిట్లో నలిగిపోతోంది. నాకంటే ఆమెకే ఎక్కువ భయంగా ఉందని అప్పుడు తెలిసింది. కెమెరా దించాను. నవ్వుదామనుకున్నాను, రాలేదు. ఏడుపొచ్చింది. భయం ఉన్నదున్నట్టే ఉంది. ఏదీ దాచుకోలేకపోయాను, చూపు మాత్రం తిప్పుకోలేదు.

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"భయమైతుందానే?"

"అయితుంది."

"నాక్కూడ." పక్కకు జరిగి మంచం మీద చోటిచ్చింది. "రా, కూసో. ఇద్దర్ని కలిపి తియ్. ముందు ప్రార్థన చెయ్యి."

పక్కన కూర్చుని, కెమెరాను మా వైపు తిప్పి చెయ్యి చాచి పట్టుకున్నాను. అలవాటైన మాట నోటికి రాలేదు. వచ్చింది ఒక్కటే. "భయమైతుంది ప్రభువా," అన్నాను పైకే.

"ఆమెన్," అంది అక్క. నేను నొక్కాను.