భయంగారి ఓట్లు

మా భవనం నాలుగో అంతస్తులో ఉండే శాసనసభ్యుడికి ఉన్న ఏకైక విశేషం భయం. మనలో చాలామందికి భయం అప్పుడప్పుడు వచ్చి పోతుంది. ఆయన దగ్గరకు వచ్చింది మాత్రం మళ్లీ వెళ్లలేదు. కుక్కంటే భయం, లిఫ్టంటే భయం, ఉరుమంటే భయం. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. సభ రికార్డుల్లో ఆయనకు మూడు మాటల పొడవైన పేరు ఉన్నా, ఇరుగుపొరుగు అందరికీ ఆయన భయంగారే. ముఖం మీదే అలా పిలిచినా కోపగించుకునేవారు కారు. కోపమంటే కూడా ఆయనకు భయమే.

ముప్పై నాలుగేళ్లు భాష బోధించి, ఉద్యోగ విరమణ చేసి, నేను ఆ భవనం రెండో అంతస్తులో దిగిన మూడో రోజున ఆయనను మొదటిసారి చూశాను. బయట ఎవరో సన్నగా "ఏమండీ, ఏమండీ" అంటున్నట్టు వినిపించి తలుపు తీశాను. మెట్ల మలుపులో, గోడకు వీపు ఆనించి, ఫైలును డాలులా గుండెకు అడ్డం పెట్టుకుని ఒక స్థూలకాయుడు నిలబడి ఉన్నాడు. ఆయన ఎదుట ఒక పిల్లి కూర్చుని ఉంది.

"ఇది మీదేనాండీ?"

"కాదు."

"అయితే ఇదేం చేస్తుందో మీకూ తెలీదన్నమాట."

"ముఖం కడుక్కుంటోంది."

"అదేనండీ నా భయం. ముఖం కడుక్కుని ఎక్కడికో బయల్దేరబోతోంది."

పిల్లిని ఎత్తుకుని దారి ఇచ్చాను. ఆయన నాలుగు మెట్లెక్కి, వెనక్కి తిరిగి, ఎంతో మర్యాదగా అడిగారు: "నాకీ మెట్ల మలుపన్నా భయమేనండీ. మరి మీకు దేనికి భయం?"

అరవై ఏళ్ల జీవితంలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. పిల్లలు నాకు భయపడటమే తప్ప నేను భయపడతానన్న ఊహ ఎవరికీ వచ్చినట్టు లేదు. "అక్షరదోషాలకు" అన్నాను. ఆయన నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు.

లిఫ్టు ఎక్కరు కనుక, రోజూ నాలుగు అంతస్తులూ నడిచే ఎక్కేవారు. ఆయాసం కనుక, ప్రతి మలుపులోనూ ఒక స్టూలు వేయించుకున్నారు. పని మీద వచ్చే జనం ఆయనను ఆ స్టూళ్ల మీదే పట్టుకునేవారు. ఇతర సభ్యులు వచ్చినవాళ్లను "ఏం పని మీద వచ్చావు?" అని అడుగుతారు. ఈయన "దేనికి భయం?" అని అడిగేవారు. ఆ తరువాత మెట్ల మీద నవ్వులు వినిపించేవి. నవ్వు ఆగాక గొంతులు తగ్గేవి. తలుపు చాటున నిలబడి వినడం సంస్కారం కాదు కనుక, కుర్చీలో కూర్చుని వినేదాన్ని. ఏమీ వినబడేది కాదు.

నేను భాష టీచరునని తెలిశాక, సభలో చదవబోయే ప్రకటనలు నాకు చూపించడం మొదలుపెట్టారు. గనుల బిల్లయినా, యుద్ధ నిధుల బిల్లయినా ప్రతి ప్రకటనా ఒకే వాక్యంతో ఆరంభమయ్యేది: "అధ్యక్షా, నాకు భయంగా ఉంది."

"వ్యాసాలన్నిటినీ ఒకే వాక్యంతో మొదలుపెట్టే విద్యార్థికి నేను పదికి అయిదు దాటించలేదండీ" అన్నాను.

"అయిదొస్తే పాసేగా, టీచరుగారూ!"

"మరో విధంగా మొదలుపెట్టవచ్చు కదా?"

"మరో విధంగా మొదలుపెట్టాలంటే భయమండీ."

ఇలా ఉండగా ఒక పత్రిక ఆయన పదకొండేళ్ల ఓట్లను పట్టిక వేసి అచ్చువేసింది. నలభై ఒక్క ఓట్లలో పందొమ్మిది ప్రభుత్వం వైపు, ఇరవై రెండు ప్రతిపక్షం వైపు. ఆయన ప్రభుత్వ పక్షం మనిషి. పైన పెద్ద అక్షరాలతో "గాలివాటం సభ్యుడు" అని శీర్షిక. పత్రికను రెండు వేళ్లతో, తేలును పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చారు.

"నాకు నిలకడ లేదటండీ. మీరొక సమాధానం రాసిపెట్టాలి."

"ముందు మీ రికార్డు చూడాలి. ఆధారం లేకుండా నేను వాక్యం రాయను."

సభ కార్యకలాపాల సంపుటాలు తెప్పించి, గీతల పుస్తకంలో మూడు గడులు గీశాను: బిల్లు, ఆయన మాట, ఆయన ఓటు. గనుల్లో రక్షణ బిల్లుకు అవునన్నారు. మాట: "భూమి లోపలికి దిగాలంటే నాకు భయం." మా భవనం నేలమాళిగలోకి దిగడానికి కూడా ఆయన ఒప్పుకోరన్నది నిజమే, కానీ గనితో ఆయనకేం పని? నిర్బంధ సైనిక సేవ బిల్లుకు వద్దన్నారు. మాట: "నన్ను తీసుకుపోతారేమోనని భయం." అప్పటికి ఆయనకు యాభై ఆరేళ్లు, మూడో మలుపు దగ్గర మంచినీళ్లు అడిగే మనిషి. ఆనకట్ట ఎత్తు పెంచే బిల్లుకు వద్దన్నారు. మాట: "ఇల్లు మునిగిపోతుందని భయం." ఇల్లు నాలుగో అంతస్తు. మారుమూల ఊళ్లకు నర్సులను వేసే బిల్లుకు అవునన్నారు. మాట: "ప్రసవమంటే నాకు ప్రాణభయం." ఆయన బ్రహ్మచారి. ఆ రోజు సభ పది నిమిషాలు నవ్విందనీ, సభాపతి మూడుసార్లు గంట కొట్టారనీ సంపుటంలో ఉంది.

ఆ వరుస పక్కన ఎర్ర సిరాతో "అసంభవం; వివరించుము" అని రాసి ఆయన చేతికిచ్చాను.

"అన్నీ నిజమేనండీ" అన్నారు, నేల చూపులు చూస్తూ.

"ప్రసవం కూడానా?"

"అది అన్నిటికంటే నిజం."

ఏ సూత్రమూ దొరకని పట్టికకు నేను సమాధానం రాయలేక, పుస్తకం మూసి పక్కన పెట్టాను.

ఆ నెలలోనే భయం మా ఇంటికీ వచ్చింది. మా తమ్ముడు అచ్చాఫీసులో కంపోజిటరు. అదృశ్యమైన ఇద్దరు రైల్వే కార్మికులు ఎక్కడున్నారో చెప్పమని అడిగే కరపత్రం ఒకటి వాడి చేతి మీదుగా అచ్చయింది. గురువారం ఉదయం అచ్చాఫీసు యజమానిని తీసుకుపోయారు. మధ్యాహ్నానికి తమ్ముడు మీసం తీసేసుకుని నా వెనక గదిలో కూర్చున్నాడు.

"అక్కా, నాలుగు రోజులే."

"అన్నం తిను."

"కోర్టు కాగితం లేకుండా ఇళ్లలోకి రాలేరులే."

"తిను ముందు."

వాడు చెప్పింది అప్పటికి నిజమే. అయితే సభలో సోదాల బిల్లు వచ్చింది. కాగితం అక్కరలేదు, కారణం అక్కరలేదు. ఏ ఇంట్లోకైనా వెళ్లవచ్చు, ఎవరినైనా ఆరు నెలలు ఉంచవచ్చు. వీధిలో జనం రేడియోల గొంతు తగ్గించారు. కొట్లో ఎవరైనా కొత్తవాడు నిలబడితే పాతవాళ్లు పప్పు ధర గురించి తప్ప మాట్లాడటం మానేశారు. మా మెట్ల మీద ఎవరు నడిచినా నా చేతిలో గరిటె ఆగిపోయేది. ఆ అడుగులు మా అంతస్తు దాటి పైకి వెళ్లేదాకా కదిలేది కాదు. ఆ వారం మూడుసార్లు కూర మాడింది.

ఒక సాయంత్రం మలుపులో ఆయన ఎదురుపడి, అలవాటుగా అడిగారు: "దేనికి భయం, టీచరుగారూ?"

ఎప్పటిలా ఒత్తులకనో దీర్ఘాలకనో అనవలసింది. "మెట్ల మీద చెప్పుల చప్పుడంటే" అనేశాను. నోరు జారాక ఆపడం నా వల్ల కాలేదు. తమ్ముడి సంగతీ, ఆగిపోయే గరిటె సంగతీ, మాడే కూర సంగతీ అంతా చెప్పేశాను. ఆయన పుస్తకం తీశారు గాని రాయలేదు. మూసి జేబులో పెట్టుకున్నారు.

"నాకూనండీ" అన్నారు. అంతే.

మరునాటి నుంచి మెట్లెక్కేటప్పుడు కింది నుంచే దగ్గుతూ, "నేనేనండీ, భయం వస్తున్నానండీ!" అని కేకవేయడం ఆరంభించారు. కర్తకూ క్రియకూ పొత్తు కుదరని ఆ వాక్యాన్ని నేను దిద్దలేదు. ఆ కేక వినగానే గరిటె మళ్లీ కదిలేది.

బిల్లును కమిటీకి పంపకుండా అప్పటికప్పుడే ఆమోదించాలా అన్న ఓటింగు రోజున నాకు ప్రేక్షకుల బాల్కనీ పాసు ఇప్పించారు. అందరూ బిల్లుకు అవునని తీరాలని ఆయన పక్షం ఆదేశించింది. మీరితే బహిష్కారం. ఆయన లేచారు.

"అధ్యక్షా, నాకు భయంగా ఉంది."

సభ యథాప్రకారం నవ్వింది. హోంమంత్రి లేచారు. "జనం భయపడుతున్నారని పుకార్లు పుట్టించకండి. ఎవరు భయపడుతున్నారు? పేర్లు చెప్పండి, రాసుకుంటాం."

"నేనేనండీ."

"మీరు పిల్లిని చూసినా భయపడతారు!"

"నిజమేనండీ. పిల్లి కనీసం కనబడుతుంది." ఈసారి నవ్వు సగంలో ఆగింది. "నాకో అక్కయ్య ఉందండీ. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే ఆవిడ చేతిలో గరిటె ఆగిపోతోంది. తమ్ముడి కోసం. రోజూ కూర మాడుతోంది. ఈ బిల్లు వస్తే దేశంలో ఎన్ని ఇళ్లలో కూరలు మాడతాయో లెక్కేశారా?"

నేను బాల్కనీ కమ్మీని పట్టుకున్నాను. నా ముఖం ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూడటానికి కూడా భయపడ్డాను.

"ఎవరా తమ్ముడు?" హోంమంత్రి కలం తీశారు.

"మీ ఎదురుగానే నిలబడ్డాను కదండీ. రాసుకోండి."

అప్పుడు నా పట్టికలోని నలభై ఒక్క వరుసలూ ఒక్కసారిగా నాకు అర్థమయ్యాయి. గనిలోకి దిగే భయం మా మెట్లెక్కి వచ్చిన ఏ గని కార్మికుడిదో. ఇల్లు మునిగే భయం ఆనకట్ట ఎగువనున్న ఊరివాళ్లది. ప్రాణభయం, నర్సు లేని ఊళ్లో నెలలు నిండిన ఒక ఆడమనిషిది. తనకంటే పిరికివాడు ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంటే, తన భయం చెప్పుకోవడానికి ఎవరు సిగ్గుపడతారు? చెప్పినవాళ్ల పేర్లు చెబితే రాసుకునేవాళ్లు ముందు బల్లల దగ్గరే ఉన్నారు కనుక, పదకొండేళ్లుగా ఆ భయాలన్నిటికీ ఆయన తన పేరే పెట్టుకుంటూ వచ్చారు. అసంభవమని ఎర్ర సిరాతో రాసింది నేను.

పేర్లు పిలిచారు. ఆయన వంతు రాగానే "వద్దు" అన్నారు. గొంతు ఎంత వణికిందంటే అది మూడు అక్షరాల మాటలా వినబడింది. తరువాతి పేరు గుబురు మీసాల ఒక భారీ మనిషిది. ఆయనా ప్రభుత్వ పక్షమే. కాసేపు మీసం దువ్వుకున్నాడు. "మా ఇంట్లో కూడా నాలుగు రోజులుగా కూర మాడుతోందండీ. మా ఆవిడ వంట వల్లేమో అనుకున్నాను" అని, "వద్దు" అన్నాడు. అలా మరికొందరు. బిల్లు ఓడిపోలేదు; రెండు ఓట్ల తేడాతో పరిశీలన కమిటీకి వెళ్లింది. వెళ్లినది ఆ సభాకాలం ముగిసేదాకా తిరిగి రాలేదు.

హోంమంత్రి మాత్రం ఊరుకోలేదు. సభ్యుల వివరాల పుస్తకంలో భయంగారు ఏకైక సంతానమని ఉంది. సభకు అబద్ధం చెప్పారని హక్కుల కమిటీ పిలిచి విచారించింది. అక్కయ్య ఉంటే తీసుకురమ్మంది.

"నేను వస్తాను" అన్నాను.

"వద్దండీ. మీరొస్తే మీ వెనకే మీ తమ్ముడి కోసం వాళ్లొస్తారు."

"మీ పదవి పోతుంది!"

"పోతుందనే భయంగా ఉంది. వేరే ఏ భయమూ లేకపోతే మిమ్మల్ని తీసుకెళ్లేవాణ్నే."

కమిటీ ముందు "తీసుకురాలేనండీ, ఆవిడ భయపడుతుంది" అన్నారట. సభ్యత్వం రద్దు చేశారు. నేను నోరు మూసుకుని ఇంట్లో కూర్చున్నాను. దిద్దవలసిన తప్పును కళ్లారా చూస్తూ, భయపడి దిద్దకుండా వదలడం నా జీవితంలో అదొక్కసారే జరిగింది. ఆరో వారంలో అచ్చాఫీసు యజమానిని ఏ కేసూ లేకుండా వదిలేశారు. తమ్ముడు మళ్లీ మీసం పెంచుకుని పనిలోకి వెళ్లాడు.

సభ్యుడిగా ఉన్నందుకు ఇచ్చిన ఆ నాలుగో అంతస్తు ఇల్లు ఖాళీ చేసే రోజున ఆయన పెట్టెలను మా తమ్ముడే కిందికి మోశాడు. "ఇందులో ఏముందండీ, ఇంత బరువు?" అని వాడు అడిగితే, "టార్చిలైట్లు బాబూ, కరెంటు పోతే భయం. పదహారున్నాయి" అన్నారు. మా మలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని, కమిటీ తీర్పు కాగితం నా చేతికిచ్చారు.

"ఒక్కసారి చూసిపెట్టండి, టీచరుగారూ. తప్పులేమైనా ఉన్నాయా?"

చదివాను. "సభ్యునికి అక్క లేదని రుజువైనందున" అని ఉంది. "భాషలో లేవు" అన్నాను.

"నా రికార్డు మొత్తంలో అబద్ధమని తేలింది ఇదొక్కటేనండీ" అని కాగితం వెనక్కి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పారు. "మీ పదవీ విరమణ తేదీ పట్టి లెక్కేసుకున్నాను. నాకంటే మీరు రెండేళ్లు పెద్ద. అడగాలంటే చాలా భయంగా ఉంది గాని... ఇవాళ్టి నుంచి మిమ్మల్ని అక్కయ్యా అని పిలవనా? ఈ కాగితం తప్పయిపోతుంది!"