ఆపకూడని బోర్డు

తిరుపతిలోని మా ఆఫీసుకు కొత్త సర్క్యూట్ బోర్డు వస్తే మా సీనియర్ దానికి పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి స్విచ్ వేసేవారు. ఇక ఆపనిచ్చేవారు కాదు. "పూజ చేసినాక ఆర్పితే అచ్చిరాదమ్మా" అనేవారు. కరెంటు పోయినా అది బ్యాటరీ మీద నడిచేది. దేవుడితో తగువెందుకని నేనూ ఊరుకున్నాను.

ఈసారి వచ్చిన బోర్డు ఆసుపత్రుల్లో మందు ఎక్కించే పంపుకు. దాన్ని నడిపించే మూల ప్రోగ్రాంకు, అంటే కెర్నల్‌కు, కాపలా పెట్టడం నా పని. ఒక పని ముగిశాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో కెర్నల్ స్టాక్ అనే చోట రాసుకుంటుంది. ఎవడైనా పట్టనంత డేటా కుమ్మరిస్తే ఆ రాత చెరిగిపోయి, కెర్నల్ వాడు చెప్పిన చోటికి పోతుంది. ఇక మందు వేగం వాడి చేతిలోదే. అందుకే ఆ రాత పక్కన ఒక రహస్య సంఖ్యను ఉంచుతాం. అది చెడితే కెర్నల్ వెంటనే ఆగి, అలారం మోగుతుంది. ఎవడూ ఊహించకుండా, ఆన్ చేసిన ప్రతిసారీ ఆ సంఖ్య మారాలి. ఎన్ని రకాలుగా దాడి చేసి చూసినా మా బోర్డు లొంగలేదు. మొదటి పంపులు చిత్తూరు ఆసుపత్రిలో మా నాయన చేరిన వార్డుకే వెళ్తున్నాయని తెలిసి పొంగిపోయాను.

పెట్టెలు కట్టే రోజు గాలివానకు కరెంటు పోయి ఎంతకీ రాలేదు. బ్యాటరీ కూడా అయిపోయి బోర్డు ఆగింది. కరెంటు రాగానే ఆన్ చేశాను. తెర మీద నిన్నటి సంఖ్యే! ఆపి మళ్లీ వేశాను. అదే. పెట్టెలోంచి ఇంకో బోర్డు తీసి చూశాను. దానిదీ అదే. సంఖ్యలు పుట్టించే భాగం లేవకముందే మేం సంఖ్య అడుగుతున్నాం, అందుకే ప్రతిసారీ అదే వస్తోంది. ఒక్క పంపు గుట్టు తెలిస్తే అన్నిటి గుట్టూ తెలిసినట్టే.

సీనియర్ వచ్చి తెర చూశారు. "ఒక్కసారన్నా ఆపి సూసింటే తెలిసిపోయిండేది గదమ్మా."

"మీరు ఆపనిస్తే కదా సార్! ఇవి మా నాయన మంచం దగ్గరికి పోతాయి!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన పెట్టెల వైపు తిరిగి, "పెట్టెలన్నీ ఇప్పండప్పా" అని కేకేశారు.

సరిచేశాక కర్పూరం మళ్లీ ఆయనే వెలిగించారు. స్విచ్ వేసి, కళ్లు మూసుకుని తన చేత్తోనే ఆపారు. "ఇంగోసారి ఎయ్యమ్మా" అన్నారు. సంఖ్య మారింది. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు వార్డులో పంపును చూపించి "ఇది నీదేనా?" అని నాయన మురిసిపోతాడు. అవునంటాను. మందు ఎక్కించే ముందు మాత్రం, "ఒకసారి ఆపి వెయ్యండి" అని నర్సును బతిమాలుతాను.