మామకు అమ్మిన కారు

మొన్న ఆదివారం పొద్దున పాలపాకెట్లకని కిందికి దిగితే, మూడో అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగి మా కారు చుట్టూ తిరుగుతూ కనిపించాడు. కొత్తగా కారు కొనబోతున్నాడట. చిన్నది చాలదు, మరీ పెద్దది దండగ, వెనక డిక్కీ ఉన్న నడిమి సైజుదే కావాలని మొగుడూ పెళ్లాం తీర్మానించుకున్నారట. ఫోనులో కార్ల యజమానులు రాసిన అభిప్రాయాలు వందలకొద్దీ చదివాడట. ఒకడు బంగారం అన్న బండినే ఇంకొకడు పాత ఇనుము అంటున్నాడట. "చదివినకొద్దీ బుర్ర పాడవుతోంది ఆంటీ. మీరు ఆరేళ్లుగా నడుపుతున్నారు కదా. నమ్మొచ్చా, పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుందా, ఒక్క మాట చెప్పండి చాలు" అన్నాడు. మా కారు నిజంగా మంచిదే. అయినా "ఇంకెవరినైనా అడుగు నాయనా" అని పాలపాకెట్లు కూడా తీసుకోకుండా మెట్లెక్కేశాను. పొగరుబోతు ముసలిది అనుకొని ఉంటాడు. అనుకోనీ. కారు ఎలాంటిదని ఒక మనిషి నన్ను నమ్మి అడగడం అది మొదటిసారి కాదు.

మాది గద్వాల నేతపని చేసే ఇల్లు. మా తాతా, ముత్తాతా గుంటమగ్గంలో కాళ్లు వేలాడేసుకొని బతుకు వెళ్లదీసినవాళ్లే. మా నాన్న ఒక్కడే ఆ గుంటలోంచి లేచి, లా చదివి, వనపర్తి కోర్టులో నల్లకోటు వేసుకున్నాడు. నల్లకోటు మీదికి కారు ఉండాలని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు గానీ, ఎనభైల నడుమ ఒక కారు కొన్నాడు. అప్పటిదాకా మా వైపు కారంటే అంబాసిడరే. నాన్న కొన్నది అది కాదు. కొత్త మోడలు, నడిమి సైజు, పొడుగాటి ముక్కు, వెనక వెడల్పాటి డిక్కీ. ఏ కంపెనీదో చెప్పను. ఆ కంపెనీ మీద నాకేం కోపం లేదు, నా కోపమంతా మనుషుల మీదే. వెన్నెల రంగు కారు వీధిలోకి వచ్చిన రోజున నాన్న ఇంటి ముందు అరుగు మీద కుర్చీ వేసుకొని సాయంత్రం దాకా అలా చూస్తూనే కూర్చున్నాడు. అమ్మ అన్నం తినమని మూడుసార్లు పిలిచింది.

ఆ బండికి లేని రోగం లేదు. ఎండాకాలం వచ్చిందంటే ఇంజన్ కాగిపోయి ఆవిరి చిమ్మేది. రెండో గేరులో పెడితే దానంతటదే జారి ఊడొచ్చేది. సెల్ఫు పొద్దున అందుకుంటే సాయంత్రం అందుకునేది కాదు. ఒక సామాను పోతే హైదరాబాదు నుంచి రావాలి, అది వచ్చేలోగా ఇంకొకటి పోయేది. ఖిల్లా ఘణపూర్‌లో ఒక భూమి తగాదా చూడటానికి బయల్దేరిన నాన్న, బండిని దారిలో వదిలి, గొర్రెల లారీ ఎక్కి వెళ్లాడు. నల్లకోటు మీద ఆ వాసన రెండు రోజులుంది. అయినా ఎవరడిగినా నాన్న చెప్పేది ఒకటే మాట: "నాలుగేండ్లాయె, ఒక్కనాడన్న నడిరోడ్డు మీద ఇడిసిపెట్టలే."

ఆదివారం పొద్దున వనపర్తిలో ఒక మెకానిక్ షెడ్డు దగ్గర కార్లున్న పెద్దమనుషులంతా చేరేవాళ్లు. ఒక డాక్టరు, నాగర్‌కర్నూలు నుంచి వచ్చే నూనెమిల్లు యజమాని, ఒక కాంట్రాక్టరు, మా నాన్న. అందరివీ అదే మోడలు. ఒకరిని చూసి ఒకరు కొన్నవి. నాలుగు కార్లూ బానెట్లు పైకెత్తుకొని వరుసగా నిలబడి ఉండేవి. వాటి పక్కనే చాయ్ గ్లాసులు పట్టుకొని వీళ్లు వాటి గుణగణాలు పొగుడుతుండేవాళ్లు. "నా బండి మైలేజ్ జెప్తె నువ్వు నమ్మవ్ సార్" అనేవాడు మిల్లు యజమాని. ఆయన కారు కింద అప్పుడే నూనె మడుగు కట్టి ఉండేది. ఎవరన్నా కొత్తవాళ్లు వచ్చి మెకానిక్ ఉస్తాద్‌ను అడిగితే, ఆయన "ఖాందానీ బండి సార్" అనేసి టక్కున కారు కిందికి దూరిపోయేవాడు. ఆయనకు అన్నీ తెలుసు. పాపం, ఆయన పొయ్యిలో పిల్లి లేవాలంటే నోరు మూసుకోక తప్పదు.

ఇది ఉత్త గొప్పలకోసం అనుకున్నాను చాలాకాలం. కాదు. వాళ్లలో వాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. ఒకరి కారు అమ్మకానికి వచ్చిందంటే మిగతా ముగ్గురూ అక్కడికి వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఆ ఒక్క కారు ధర పడిపోతే మిగతా మూడింటి ధరా పడిపోతుంది మరి. కోర్టులో దొంగసాక్షుల్ని ఉతికి ఆరేసే మా నాన్న, ఆదివారం పూట షెడ్డులో తానే దొంగసాక్ష్యం చెబుతూ ఏమాత్రం మొహమాటపడేవాడు కాదు.

నేనేమీ తక్కువ తినలేదు. అప్పటికి నేను వనపర్తిలోనే జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. వానపడితే నాన్న కారులో దింపేవాడు. సరిగ్గా కాలేజీ గేటు ముందర ఆ కారు ఆగిపోయేది. ఇస్త్రీ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని, బురదలో దిగి, నా విద్యార్థులతో కలిసి నేను ఆ కారును తోసేదాన్ని. వెనక బెంచీవాళ్లు నాకు పెట్టిన పేరు ఇక్కడ రాయను. ఒకరోజు నాన్న ఇంటికి ఇంకో కొత్త మోడలు కారు బొమ్మల పుస్తకం తెచ్చాడు. "ఇది పోతే అది దెచ్చుకుందం" అన్నాడు. ఆ రోజు నుంచి ఈ కారు మా వాకిట్లోంచి ఎప్పుడు వెళ్లిపోతుందా అని నేను రోజులు లెక్కపెట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే గద్వాల నుంచి మా మామ వచ్చాడు. మామ అంటే మా మేనత్త భర్త. సొంతానికి రెండు మగ్గాలుండేవి. ముప్పై ఏళ్లు గుంటలో కూర్చొని తొక్కీ తొక్కీ ఆయన మోకాళ్లు పోయాయి. కర్నూలు డాక్టరు ఇక మగ్గం ఎక్కితే కాళ్లు పనికిరావని చెప్పేశాడట. అందుకని డ్రైవింగ్ నేర్చుకున్నాడు, నలభై ఎనిమిదేళ్ల వయసులో. గద్వాలలో పెళ్లిళ్లకూ, రాయచూరు, కర్నూలు దవాఖానలకూ కిరాయికి తిప్పుకోవడానికి ఒక కారు కావాలి. మగ్గాలు రెండూ అమ్మేసి ఆ డబ్బుతో వచ్చాడు. బావ కారు అమ్ముతున్నాడని విని ఎంత సంబరపడ్డాడో. తెలియనివాళ్ల దగ్గర కొని మోసపోయే బెడద తప్పిందని అత్త కూడా వేంకటేశ్వరునికి దండం పెట్టుకుందట.

మామ పని పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. నేసిన చీరలో ఎక్కడైనా పోగు తెగి అతుకు పడితే, కొనేవాడు అడగకముందే, ఆ చోటు తిప్పి చూపించి, "ఇగో, ఈడ జర దెబ్బ వడ్డది" అని తానే చెప్పి ధర తగ్గించుకునేవాడు. ఆయన ఒక్కడే కాదు, వాళ్ల వీధిలో అందరి అలవాటూ అదే. లోపం అమ్మేవాడే చెప్పాలి. కొనేవాడు వెతుక్కోవడం అంటే అమ్మేవాడికి అవమానం. కాబట్టి మామ మా కారు చుట్టూ ఒక్కసారి తిరిగి, సీటు గుడ్డ కుట్టు మాత్రం వేలితో తడిమి చూసి, నిలబడి ఎదురుచూశాడు. నాన్న ఏ లోపమూ చెప్పలేదు. సాక్ష్యానికి మా ఇంటికి వచ్చిన డాక్టరు చెప్పలేదు. మిల్లు యజమానీ, కాంట్రాక్టరూ చెప్పలేదు. అంతమంది పెద్దమనుషులు ఏమీ చూపించలేదంటే బండిలో ఏమీ లేదనే మామ నమ్మాడు. అయినా చివర్న, చాయ్ తెచ్చిన నా వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వు జెప్పు. దినాం ఎక్కి తిరుగుతవ్ గద. మంచిదేనా?"

నాన్న నా వైపు చూడను కూడా చూడలేదు. అంత ధీమా ఆయనకు. "మంచిదే మామా" అన్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. నాకు భయమూ లేదు. బొమ్మల పుస్తకంలోని కారు కావాలి, అంతే.

మామ ఆ కారుతో రెండేళ్లు పడ్డ పాట్లు అత్త ఉత్తరాల్లో ముక్కలు ముక్కలుగా తెలిసేవి. బాగుచేయించడం, మళ్లీ చెడిపోవడం. మామ మాత్రం తన చేతకానితనం అనుకునేవాడట, తనకు నడపడం సరిగ్గా రాలేదని. ఒక వైశాఖంలో బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి దగ్గర పెళ్లి. పెళ్లికొడుకును ఎక్కించుకొని గద్వాల నుంచి బయల్దేరాడు. ఎర్రవల్లి చౌరస్తా దాటాక ఇంజన్ కాగి ఆవిరి కమ్మి బండి ఆగిపోయింది. ముహూర్తం తరుముకొస్తోంది. పెళ్లికొడుకు బాసికం కట్టుకొని, కొత్త చెప్పులు కరుస్తుంటే చేత పట్టుకొని, ఎండలో రోడ్డు వెంబడి నడిచాడు. వెనకాల మేళగాళ్లు. గద్వాలలో ఆ కథ చెప్పుకొని నవ్వనివాడు లేడు. మా ఇంట్లోనూ నవ్వారు. మిల్లు యజమానికి నాన్నే చెప్పి నవ్వించాడు. కొత్త కారు సీట్లో కూర్చొని నేనూ నవ్వాను. ఇదీ రాస్తున్నాను. ఆ తర్వాత మామను కిరాయికి పిలిచినవాళ్లు లేరు. ఆయన పోయిన మోకాళ్లతోనే ఇంకొకరి ఇంట్లో, ఇంకొకరి మగ్గం మీద, కూలికి కూర్చున్నాడు.

చివరికి కారు అమ్మేద్దామనుకున్నాడు. అయిజ నుంచి ఒక రైతు వస్తున్నాడని కబురొచ్చింది. నాన్న నిజానికి చెడ్డవాడు కాడు. బావాబావమరుదుల మధ్య మాట పడకుండా, మంచి ధరకు ఆ కారు వదిలిపోతే చాలనుకున్నాడు. మిల్లు యజమానిని వెంటబెట్టుకొని సాక్ష్యానికి స్వయంగా గద్వాల వెళ్లాడు. అత్తను చూసినట్టుంటుందని నేనూ వెళ్లాను. మిరపపంట బాగా పండి చేతిలో డబ్బు ఆడుతున్న రైతు అతను, తెల్లటి కొత్త పంచె కట్టుకొని వచ్చాడు. నాన్న గొంతు సవరించుకున్నాడు. "నేను తిప్పిన బండే ఇది. ఒక్కనాడన్న..."

"జర ఆగు బావా" అన్నాడు మామ. మెల్లగా, మోకాళ్లు పట్టుకుంటూ వెళ్లి బానెట్ ఎత్తాడు. ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాడు. "ఇగో ఇది కాగుతది. ఎండల పది మైళ్లు వోదు. ఇది రెండో గేరు, నిలవదు. ఈడ నూనె కారుతది, ఎంత జేసినా బందుగాదు. కింద రేకు తుప్పువట్టింది, నేను లప్పం పెట్టించిన, పైకి కండ్లవడదు." ఆ రైతు నోరు తెరుచుకొని వింటున్నాడు. మామ చేతులు తుడుచుకొని అతనితో అన్నాడు: "తీస్కోకు అన్నా. పైసలు మట్టిల వోస్తవ్. నాకు జెప్పెటోల్లు లేకపాయిరి. నీకు నేనున్న."

వీధిలో పది మంది ఉన్నారు. నాన్న ముఖం నల్లకోటు రంగుకు తిరిగింది. అయిజ రైతు మామకు దండం పెట్టి వెళ్లిపోయాడు. "నా ఇజ్జత్ బజార్ల వెడ్తివి గదనయ్యా, నలుగుట్ల నన్ను దొంగను జేస్తివి" అని నాన్న అరిచాడు. మామ "నిన్నేమంటిని బావా? బండి సంగతి జెప్పిన" అన్నాడు అంతే. ఇంట్లోంచి అత్త పరుగెత్తుకొచ్చింది. రెండేళ్లుగా లోపల పెట్టుకున్నదంతా అన్న మీద వెళ్లగక్కింది. "మీ అందరికీ ఎరికే! మా కొంప ముంచిన్రు!" అంటూ ఆమె నా వైపు కూడా చేయి చూపింది. అప్పుడు మామ అడ్డొచ్చాడు. నా తల మీద చేయి పెట్టి, "బిడ్డనేమనకు. పిల్లకేం తెలుస్తది ఇంజన్ సంగతి, పాపం. తెల్వక జెప్పింది" అన్నాడు.

నాకు అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ కారును ఎన్నిసార్లు తోశానో నాకు తెలుసు. "తెలిసే చెప్పాను మామా" అనాలి. ఆ చేయి నా తల మీదే ఉంది. తల వంచుకొని ఊరుకున్నాను.

కారును చివరికి తూకానికి అమ్మారు. నాన్న ఆ గుమ్మం మళ్లీ తొక్కలేదు. ఆయన పోయినప్పుడు మామే కుంటుకుంటూ వచ్చి పాడె పట్టాడు. ఆ తర్వాత కూడా మామ చాలా ఏళ్లు బతికాడు. నేను వెళ్లిన ప్రతిసారీ పక్కన కూర్చోబెట్టుకొని నా ఉద్యోగం గురించీ, నా పిల్లల గురించీ అడిగేవాడు. ప్రతిసారీ, ఈసారి చెప్పేద్దాం అనుకొనే బస్సెక్కేదాన్ని. చెప్పకుండానే తిరుగు బస్సెక్కేదాన్ని. నన్ను తెలియనిదాన్ని అనుకుంటూనే ఆయన వెళ్లిపోయాడు. అయినవాళ్లు పోయాక, చెప్పుకోవాల్సిన మాటకు కాలం చాలలేదని అందరూ ఏడుస్తారు. నేను ఆ మాట అనలేను. నాకు పద్నాలుగేళ్లు దొరికాయి.