తలుపు లోపలి గాలి

మా మేనమామ దగ్గర ఇంచుమించు నా వయసున్న కారొకటి ఉంది. మా ఇద్దరిలో దానికే మర్యాద ఎక్కువ. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ల కంటే ముందు ఆ కారు తలుపు వేయించేవాడు. అది ధడేల్‌మని బరువుగా పడాలి, వచ్చినవాళ్లు తల ఊపాలి. మా ఏన్కూరు వైపు పాత కారు కొనేవాళ్లు చేసే పరీక్ష ఇదే: చప్పుడు ఎంత గట్టిగా ఉంటే బండి అంత గట్టిది. ఆ లెక్కన మా ఊళ్లో అన్నిటికంటే భద్రమైన వాహనం రేషన్ షాపు షట్టరు.

అక్క తొలి కాన్పుకు మా ఇంటికొచ్చింది. నెలనెలా ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లి చూపించే పని మామ తీసుకున్నాడు. బస్సులో పంపితే తన పరువేం కానంటాడు.

కొత్త కార్ల తలుపుల్లో అడ్డంగా ఉక్కు కడ్డీ ఉంటుందనీ, పాత వాటిలో చాలావాటికి ఉండదనీ నేను ఫోనులో చదివాను. ముందు నుంచి గుద్దితే మధ్యలో ఇంజనైనా ఉంటుంది. పక్క నుంచి గుద్దితే మన మోచేయి ఉంటుంది. మామకు చెబితే జాలిగా చూశాడు. ఇప్పటి కార్లు అగ్గిపెట్టెలనీ, తన పాత ఇనుము ముందు బొగ్గు లారీ కూడా ఆగాల్సిందేననీ అక్కకు వివరించాడు. అక్క ఆయన మాటే నమ్మింది. నా మాట నమ్మి బాగుపడినవాళ్లెవరూ ఆమెకు తెలియదు.

ఏడో నెలలో చూపించుకుని తిరిగొస్తున్నాం. ఎండ పడుతోందని అక్క ఎడమ కిటికీ వదిలి కుడివైపు జరిగింది. ఇంతలో పొలంలోంచి ఒక బర్రె తోక లేపుకుని రోడ్డెక్కింది. మామ బ్రేకు వేశాడు. కారు ఆగింది, బర్రె ఆగలేదు. వచ్చి వెనక ఎడమ తలుపును గుద్దింది. కార్ల కంపెనీలవాళ్లు ఈ గుద్దుడు పరీక్షకు ఏవో యంత్రాలు వాడతారట. తలుపు జానెడు లోపలికొచ్చి, అక్క అప్పటిదాకా కూర్చున్న చోట పెట్టిన టిఫిను క్యారియరును సొట్ట చేసింది. బర్రె తల విదిలించుకుని, మమ్మల్ని ఓసారి చూసి, తన దారిన పోయింది.

అక్క చేయి పొట్ట మీదికి వెళ్లింది. నేను కూడా మాట్లాడలేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కారును మళ్లీ దవాఖానాకే తిప్పాం. లోపలి బిడ్డకు ఇదేమీ పట్టలేదని డాక్టరమ్మ చెప్పాక గాని మామ కూర్చోలేదు.

మర్నాడు మెకానిక్ షెడ్డులో తలుపు లోపలి అట్ట ఊడదీశారు. అద్దం ఎక్కించే గేరు, కాస్త తుప్పు, ఒక కందిరీగల గూడు. మామ భుజం దాకా చేయి పెట్టి, పోయిన తాళాలు వెతికినట్టు తడిమాడు. ఇంటికొచ్చి అక్క ముందు నిలబడ్డాడు.

"లోపల ఏం లేదు బిడ్డా. ఉత్త గాలి. ఇన్ని రోజులు నిన్ను గాలి పక్కన కూసోబెట్టి తిప్పిన."

దెప్పడానికి నా దగ్గర మంచి మాటే ఉంది. అక్క నావైపు చూసింది. మింగేశాను.

"పోనీ తియ్యి మామా, నువ్వేమన్న కావాలని చేసినవా?" అంది అక్క.

మరుసటి నెల మామ ఒక కొత్త కారు కిరాయికి తెచ్చాడు. తలుపుల్లో కడ్డీ ఉందా అని డ్రైవరును రెండుసార్లు అడిగాడు. ఉందన్నాడు. అయినా అక్కను వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టి, బెల్టు పెట్టించి, తాను ఎడమ తలుపుకు ఆనుకుని సర్దుకున్నాడు. నన్ను కుడి తలుపు దగ్గర కూర్చోమన్నాడు.

"ముందు సీటు ఖాళీగనే ఉంది కద మామా?"

"ఇనుమున్నా మనిషి గూడ ఉండాలె. జల్దీ ఎక్కు."

నా ఒళ్లు చూస్తే ఆ వైపు రక్షణ అంతంతమాత్రమే. ఎక్కాను.