పునాది గారి చిటికెన వేలు

మా అన్నయ్యను బ్యాండులో అందరూ ‘పునాది’ అంటారు. పునాది ఎవరికీ కనబడదు, కదిలితే మాత్రం ఇల్లంతా తెలుస్తుంది. వేదిక మీద వెనకగా, డ్రమ్ముల పక్కన నిలబడి బేస్ గిటార్ వాయిస్తాడు. పగలు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఎవరూ తనను పట్టించుకోలేదంటే ఆ రోజు పని బాగా చేసినట్టే అంటాడు.

ఆ పునాది ఈమధ్య కదిలింది. నాలుగు పాటలు వాయించేసరికి ఎడమచేతి చిటికెన వేలు మొద్దుబారిపోతోంది. డాక్టరు నరాలు పరీక్షించి ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే నాకు ఇంకా భయం. సైన్సు చదివినదాన్ని, కారణం లేకుండా ఏదీ జరగదని తెలుసు. వంశంలో ఉందేమోనని ఏడాది నిండని నా కూతురు బుజ్జిదాని చిటికెన వేలు రోజూ గిల్లి చూసేదాన్ని. అది ఏడిస్తేనే నాకు నిశ్చింత.

“అంతా ఆ బరువు వల్లే. ఇంకా తేలికది చేయించుకోండి, లేదా మానేయండి,” అని వదిన తేల్చేసింది. మానేయడమన్న మాటకు అన్నయ్య ముఖం వాడిపోయింది.

ఆదివారం అందరం వాద్యాల దుకాణానికి వెళ్లాం. ముందు గదిలో గోడకు ఒక బేస్ వేలాడుతోంది. కుర్రతనంలో అన్నయ్య ఆశపడి కొనలేకపోయిన పాత మోడల్. కంపెనీ దాన్ని అచ్చు అలాగే మళ్లీ తయారుచేస్తోందట. వెనక గదిలో, మన కొలతలు తీసుకుని గిటార్ చేసిచ్చే మేస్త్రి ఉన్నాడు. పట్టుకు అలవాటు పడమని తాను చేసిన ఒకటి అన్నయ్య చేతికిచ్చాడు.

నేను రెండింటినీ పార్సిళ్లు తూచే కాటా మీద పెట్టించాను. మేస్త్రి చేసింది బాగా తేలిగ్గా తూగింది.

“చూశారా, ఇది దూదిపింజ!” అంది వదిన.

“దూదిపింజని మెడలో వేసుకుని వాయించమంటావా?” అన్నాడు అన్నయ్య, కళ్లు మాత్రం ముందు గదిలోని గోడ మీదే.

అయినా ఆ తేలికదే తగిలించుకుని వాయించడం మొదలుపెట్టాడు. మెరుస్తున్న మీటను చూసి బుజ్జిది నా చంకలోంచి ఒక్క దూకు దూకింది. అన్నయ్య ఎడమచెయ్యి వదిలేసి దాన్ని ఒడిసి పట్టుకున్నాడు. గిటార్ మెడ సర్రున వాలి స్టూలుకు ఠక్కున కొట్టుకుంది.

“కంగారుపడకండి మాస్టారూ, గిటార్‌కేం కాలేదు,” అన్నాడు మేస్త్రి. “అది కూర్చుని వాయించేవాళ్ల కోసం చేసింది. ఒళ్లు తేలిక కాబట్టి నిలబడితే మెడ వాలుతుంది. మీకు చేసేటప్పుడు సరిచేస్తాగా.”

అన్నయ్య వాలిన ఆ మెడ వంక చూశాడు. “నాదీ ఇంతే! చెయ్యి తీస్తే నేల చూస్తుంది. పోయినేడాది కొన్నప్పట్నుంచీ ఎడమచేత్తో దాన్ని ఎత్తి పట్టుకునే వాయిస్తున్నా.”

“పోయినేడాది కొన్నదా?” అంది వదిన నెమ్మదిగా.

“భుజం నొప్పంటే తేలికదే కొనమన్నావుగా తల్లీ!”

వేలు మొద్దుబారడం మొదలైందీ అది కొన్న తర్వాతే. మేమంతా ఎంత బరువో చూశాం గాని, ఎటు వాలుతోందో ఒక్కరమూ చూడలేదు.

అన్నయ్య గోడ మీది పాత మోడల్ దింపి తగిలించుకున్నాడు. రెండు చేతులూ పైకెత్తాడు. బరువైన ఆ మొద్దు ఎక్కడిదక్కడే నిలిచింది. తర్వాత పాట మీద పాట వాయించాడు. పాట ఎవరు విన్నారు? అందరి కళ్లూ చిటికెన వేలి మీదే. ఆపగానే వదిన ఆ వేలు పట్టుకుని గట్టిగా గిల్లింది.

“అబ్బా! చంపేస్తావా?”

దుకాణమంతా నవ్వులే. వదిన నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది.

“నా బేరం పోయింది,” అన్నాడు మేస్త్రి. “ఈ బరువుకి వెడల్పాటి పట్టీ కావాలి మాస్టారూ. అదైనా నా చేత కుట్టించుకోండి, భుజం మాట నేను చూసుకుంటా.”

ఇంటికొస్తుంటే బుజ్జిది అలవాటుగా చిటికెన వేలు నా ముందుకు చాచి, ఏడవడానికి ముందే పెదవి విరిచింది. ఆ వేలికి ముద్దు పెట్టాను. అది అనుమానంగా నా వంక చూసి, రెండో చెయ్యి కూడా చాచింది.