తమ్ముడి డీసీ మిషను, నా డ్రమ్ము స్టాండు

మా వీధి కొళాయిలో మూడు రోజులకోసారి నీళ్లొస్తాయి. ఈ సాయంత్రం అవి వచ్చేలోపల డ్రమ్ము స్టాండుకు విరిగిన రెండు కాళ్లూ అతకాల్సి వచ్చింది. రిటైరైన మా తమ్ముడు ఇంటి షెడ్డులో వెల్డింగు చేస్తుంటాడు కదా అని వాడికే అప్పజెప్పాను. నాదే బుద్ధి తక్కువ.

పాత ఏసీ మిషనుతో రాడ్డు గీకాడు. రవ్వ కూడా రాలలేదు. "ఏసీ అంటే ఇంతేక్కా, కరెంటు అటూ ఇటూ ఊగుతాంటాది. డీసీ అయితే నిలకడగా ఉంటాది" అని, ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పిన నాకే పాఠం చెప్పి, కొత్త డీసీ మిషను మోసుకొచ్చాడు. దాంతోనూ రవ్వ లేదు. ఈసారి వోల్టేజీ తక్కువంట!

"ఏమిరా, ఎర్తు క్లిప్పు స్టాండు పెయింటు మీద తగిలించినావే, పెయింటులో కరెంటు పోతాదా?" అన్నాను.

పెయింటు గీకి క్లిప్పు మళ్లీ తగిలించాడు. మొదటి కాలు చక్కగా అతికింది.

"చూస్తివా అక్కా, డీసీ అంటే ఇదీ!" అన్నాడు, సిగ్గు లేకుండా.

రెండో కాలు పాత ఏసీతోనే అతికించమన్నాను. రవ్వలు కాస్త ఎక్కువ ఎగిరాయి, అంతే. ఇప్పుడు డ్రమ్ము నిండుగా నిలబడి ఉంది. ఏ కాలు దేనితో అతికిందో నీళ్లకేమీ పట్టలేదు.

మీ ఇళ్లలోనూ ఇట్లాంటి నిపుణులుంటే చెప్పండి, నా మనసు కాస్త కుదుటపడుతుంది.