ఆ రోజు చోక్ లోపలే ఉంది

వయసు మీదపడి, చల్లబడ్డ ఇంజిన్ స్టార్ట్ చేయడానికి లాగిన చోక్ నాబ్‌ని తిరిగి లోపలికి నెట్టడం మరిచిపోయి, మా బావ వంతెన మీద కారు ఆపేశాడని మా వాళ్ళందరూ నమ్ముతారు. ఆ మాట మొదట అన్నది నేను. అది అబద్ధం.

మా అక్క భర్త కలకత్తాలో, ఖిదిర్‌పూర్ ఓడల డాకులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఆయన దగ్గర పాత పెట్రోల్ అంబాసిడర్ ఉంది. పేటలో మన తెలుగువాళ్ళెవరు ఊరికి బయల్దేరినా షాలిమార్ స్టేషన్లో దింపేది బావే. డిక్కీలో మూటలు తనే సర్దుతాడు. ఇంకెవరైనా చెయ్యి వేస్తే కసురుకుంటాడు.

నిరుడు వానాకాలంలో ఆ కారు ఎత్తు ఎక్కేటప్పుడు తడబడటం మొదలుపెట్టింది. పెట్రోల్ ఫిల్టర్ మార్చాలన్నాడు బావ. మెకానిక్ మిస్త్రీ ఎందుకు, ఫోన్లో వీడియోలు చూశాను, నేనే మారుస్తానన్నాను.

“నువ్వా? ఆఫీసులో ఫైళ్ళు తిప్పే చెయ్యిరా అది. పెట్రోల్‌తో తానమాడతావు.”

బానెట్ ఎత్తి గంటసేపు వెతికినా ఫిల్టర్ కనపడలేదు. “ఎనకాల ట్యాంకు కాడ చూడు. పాత ఓనరు అక్కడెక్కడో పెట్టించాడట,” అని బావ గుమ్మంలోంచి కేకేశాడు. కారు కింద మురుగునీళ్ళు నిలిచి ఉన్నాయి. నాకు దూరబుద్ధి కాలేదు. ఇంజిన్ దగ్గర రబ్బరు పైపు కోసి, మధ్యలో కొత్త ప్లాస్టిక్ ఫిల్టర్ పెట్టి, క్లిప్పులు బిగించాను. కారు స్టార్టయింది.

“పాతదేదిరా? చూపించు,” అన్నాడు బావ. ఎవరు రిపేరు చేసినా తీసిన సామాను కళ్ళారా చూడందే వదలడు.

“పారీసేను బావా.”

“ఓరి నీ! నాకు చూపించకుండానా?” అన్నాడు. బామ్మర్దిని కాబట్టి అంతటితో వదిలేశాడు.

రెండు వారాల తర్వాత పక్కింటి భార్యాభర్తలు, ఆమె తల్లి ఊళ్ళో పెళ్ళికి బయల్దేరారు. సామాను మోయడానికి నేనూ ఎక్కాను. రెండో హుగ్లీ వంతెన ఎక్కుతుండగా కారు నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఒక పక్క లారీ, ఇంకో పక్క బస్సు, తలుపు జానెడు కూడా తెరుచుకోలేదు. అద్దాలు దించితే వాన జల్లు, ఎత్తితే ఊపిరాడదు. వెనక హారన్లు. “ఏ దాదా, గాడీ షొరాన్!” అని పోలీసు కర్రతో బానెట్ మీద కొడుతున్నాడు. ఎక్కడికి జరపాలి?

“రైలు ఎల్లిపోద్దేటి బాబూ?” అని ముసలమ్మ వెనకనుంచి నా భుజం పట్టుకుంది.

ఎక్కడో తుప్పు పట్టి మూసుకుపోయిన పాత ఫిల్టర్ అలాగే ఉందని నాకప్పుడే తెలిసిపోయింది. బావ చోక్ బయటికి లాగి మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చేస్తున్నాడు. ఇంజిన్ ఆగినప్పుడు అది లోపలే ఉంది, నేను చూశాను. అయినా అందరికీ వినపడేలా అన్నాను: “చోక్ లాగి వదిలీసేవేటి బావా? పెట్రోల్ ఎక్కువైపోయి ఆగిపోయింది.”

బావ చేతిలో ఉన్న ఆ నాబ్ వంక చూసుకున్నాడు. కాసేపటికి కారు దానంతటదే మళ్ళీ స్టార్టయింది గానీ, మేం వెళ్ళేసరికి రైలు లేదు.

ఆ సాయంత్రమే కారు తాళాలు అక్క బీరువాలోకి వెళ్ళాయి. అడగకముందే బావ ఇచ్చేశాడు. అప్పటినుంచి గ్యాస్ కట్టేశాడో లేదో మూడుసార్లు చూసుకుంటాడు. తలుపు తాళం వేశానా అని సగం దారిలోంచి వెనక్కి వస్తాడు. “నిజంగానే మర్చిపోయేనంటావేట్రా?” అని ఒకసారి నన్నే అడిగాడు. “వయసు కదా బావా,” అన్నాను. వంతెన మీద భయపడి అన్నాను. ఇది మాత్రం భయంతో అన్నది కాదు.

ఈ చలికాలంలో కారు అమ్మేద్దామంది అక్క. అమ్మే ముందు ఓసారి చూస్తానని తన దగ్గర తాళాలు తీసుకుని కారు కింద దూరాను. ట్యాంకు పక్కనే, గ్రీజు, మట్టి పేరుకుపోయిన రేకు డబ్బా దొరికింది. విప్పి ఊదితే గాలి దూరలేదు. దాని చోట కొత్తది బిగించి, వంతెన రెండుసార్లు ఎక్కి దిగాను. ఒక్కసారి కూడా తడబడలేదు.

ఇంటికొచ్చి ఆ డబ్బా బావ ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాను. ఆయన దాన్ని చాలాసేపు తిప్పి చూశాడు.

“నామీద ప్రేమకొద్దీ చెప్తన్నావురా. చోక్ లోపలికి నెట్టినట్టు నాకు గుర్తే లేదు. నెట్టుంటే గుర్తుండదేటి?”

“నేను చూశాను బావా. లోపలే ఉంది.”

“మరప్పుడెందుకు చెప్పలేదు?”

“సిగ్గేసి చెప్పలేదు,” అన్నాను. ఆయన నవ్వి నా వీపు తట్టాడు. నమ్మలేదు. తాళాలు చేతిలో పెడితే అక్కకి అందించాడు.

అక్క నన్ను వంటగదిలోకి పిలిచి, “మంచి మాట చెప్పేవురా తమ్ముడూ. అబద్ధమైనా ఆయన మనసు కుదుటపడుద్ది,” అంది.

“అబద్ధం కాదక్కా.”

“సర్లే,” అంటూ గదిలోకెళ్ళి, కారు తాళాలు బీరువాలో పెట్టి తాళం వేసింది.